షాబాదు బండ మీద బాలమణి గుండీలు

బండను పైకి మోసుకొచ్చిన ఇద్దరు మనుషులూ దాన్ని గోడకు ఆనించి, చెమట తుడుచుకుంటూ, ఈ ముసలావిడకు ఇది దేనికి అన్నట్టు నా వంక చూశారు. మల్కాజ్‌గిరిలో మా ఫ్లాటు రెండో అంతస్తు. లిఫ్టులో రాళ్లు ఎక్కించడానికి వీల్లేదని వాచ్‌మన్ అడ్డం పడితే, వాళ్లు పాపం మెట్ల మీదుగా, మలుపు దగ్గర ఒకసారి దించుకుని, తీసుకొచ్చారు. ఆ చప్పుడుకు ఎదురు ఫ్లాటు అమ్మాయి శ్రావణి జాలీ తలుపు వెనక నిలబడి చూసింది. కొత్తగా పెళ్లయి విజయనగరం వైపు నుంచి వచ్చింది. భర్తకు రాత్రి డ్యూటీలు, అతను పగలంతా నిద్రపోతాడు. అతని నిద్ర చెడకుండా ఈ పిల్ల ఇంట్లో అడుగు కూడా మెల్లగా వేస్తుంది. "పచ్చడి నూరుకోడానికా మామ్మగారూ?" అని అడిగింది. కాదమ్మా, ఆడుకోవడానికి అన్నాను. పెద్దవాళ్లు ఏదన్నా అంటే నవ్వినట్టు నవ్వి తలుపు వేసుకుంది.

సికింద్రాబాదులో మేం పెరిగిన గల్లీలో బాలమణి వాళ్ల పాత ఇల్లు పడగొడుతున్నారు. అరుగు మీది ఈ బండను మాత్రం పగలనివ్వకుండా తీయించి తన కొడుకు చేత నాకు పంపించింది బాలమణి. ఆమె ఇప్పుడు అల్వాల్లో ఉంటుంది, మోకాళ్లు వంగవు. నేను బతుకంతా ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఎవరో పంపారు కదా అని రుజువు లేకుండా దేన్నీ నమ్మను. టేపు తీసి కొలిచాను. అడ్డం ఐదు, నిలువు ఐదు గడులు. ఎడమ అంచు వరస గడులు మిగతావాటికంటే బొటనవేలంత ఇరుకు. బాలమణిది ఎడమచేతి వాటం. వాళ్ల నాన్న కత్తెర తీసుకుని, దాని మొనతో తనే గీస్తూ గీస్తూ ఆ అంచుకు వచ్చేసరికి మొన విరిగింది. ఆపైన వాళ్ల నాన్నతో గొడవ. ఆ గొడవ తాలూకు వంకర గీత కూడా మూలన అట్లాగే ఉంది. అప్పుడు ఒప్పుకున్నాను, ఇది మా బండే.

ఆ రోజుల తేదీలు నా దగ్గర ఉన్నాయి, అడిగినవాళ్లకు చెబుతాను. ఇక్కడ మాత్రం రాయను. నిజాం రాజ్యం ఆఖరు నెలలు మాకు తేదీల ప్రకారం గడవలేదు. ఇవాళ ఏ ఇంటికి తాళం పడింది అన్నదే మాకు క్యాలెండరు.

మా వాళ్లది గుంటూరు జిల్లా. నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా, అమ్మ మిషన్ బడిలో పంతులమ్మ. పగలంతా ఇంట్లో మామ్మా నేనూ. మామ్మ అంటే నాన్న తల్లి. పొద్దున్నే ఆమె మొదటి పని గడపలూ కిటికీలూ తడిగుడ్డతో తుడవడం. రెండోది ప్రార్థన. ఆ ప్రార్థనలో మనుషుల పేర్లు ఒక్కొక్కటే చదివేది. చుట్టాలు, పాస్టరుగారు, పాలవాడు, పాలవాడి గేదె. పేర్లు అయ్యేదాకా మేం కళ్లు తెరవకూడదు, పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చినా సరే. గవ్వలు పట్టుకుంటే జూదమని ఆమె నమ్మకం. అందుకే మా ఇంట్లో గవ్వ అన్నది లేదు. నా అష్టాచెమ్మ అంతా పక్కింట్లోనే, బాలమణి వాళ్ల అరుగు మీదే.

బాలమణి నాన్న దర్జీ. ముందు గదిలో మిషను, వెనక సంసారం. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వస్తుంది: బొగ్గుల ఇస్త్రీపెట్టె, తడి చల్లిన బట్ట, మిషను నూనె. బాలమణి కాయలు వాళ్ల నాన్న దగ్గర మిగిలిన నాలుగు తెల్ల గుండీలు. నావి నాలుగు ఎర్ర గాజుముక్కలు. బడి లేని వేళల్లో ఆ అరుగు మీదే మా బతుకు. ఎదురింటి గుమ్మానికి ఒక గోనెపట్టా పరదా వేలాడేది. దాని వెనక బీబమ్మ. భర్త పోయాక ఒక్క కొడుకుతో ఉండేది. కొడుకు ప్రెస్సులో అచ్చుపనికి వెళ్తే సాయంత్రం దాకా ఆమె ఒక్కతే. పరదా అంచు పట్టుకుని ఉండే ఆమె వేళ్లు మాత్రం కనపడేవి, గోరింటాకు పండిన వేళ్లు. అప్పట్లో అవి నాకు ఆ గుమ్మంలో భాగంలాగే ఉండేవి, గొళ్లెం ఉన్నట్టు.

రజాకార్ల భయానికి గల్లీలో ఒక్కొక్క కుటుంబమూ కదలడం మొదలైంది. కొందరు షోలాపూరు, కొందరు బెజవాడ. మాకు నాన్న ఉద్యోగం ఉంది, మేం కదల్లేదు. ఆంధ్రా నుంచి వచ్చిన మేం ఇక్కడ ఉండిపోవడం, తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న బాలమణి వాళ్లు బెజవాడ మేనమామ ఇంటికి పోవడం మామ్మకు విడ్డూరంగా తోచింది. బెజవాడ ఎండలకు ఏం తినాలో, కాలవ నీళ్లు కాచుకునే తాగాలని, బాలమణి తల్లికి సామాను సర్దుతున్నంతసేపూ చెబుతూనే ఉంది. టాంగా వచ్చి నిలబడేసరికి మేం ఆట మధ్యలో ఉన్నాం. బాలమణి లేచింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. ఏడవలేదు. ఆమె ఏడ్చే రకం కాదు. టాంగా ఎక్కాక వెనక్కి తిరిగి అరిచింది:

"రూతూ, నా కాయలు ఎవ్వరూ ముట్టద్దు. నేనొచ్చి ఆడ్త. ఆట ఖతం చెయ్యద్దు."

ఖతం చేయనన్నాను. దాంతో నాకు ఒక పని దొరికినట్టయింది. ఇంటి తాళంచెవి మామ్మకు ఇచ్చి వెళ్లారు. మామ్మ అరుగు ఊడ్చేటప్పుడు బండ మీదికి చీపురు రాకుండా నేను కాపలా కాసేదాన్ని. రోజూ అక్కడ కూర్చుని, బాలమణి వదిలి వెళ్లిన గవ్వలతో నా పందెం నేను వేసి, బాలమణి పందెం కూడా నేనే వేసేదాన్ని. ఆమె వంతు వచ్చినప్పుడు ఎడమచేత్తో వేసేదాన్ని, న్యాయం తప్పకూడదని.

అయితే ఇక్కడొక చిక్కుంది. అష్టాచెమ్మ ఆడినవాళ్లకు తెలుసు, అవతలివాళ్ల కాయను ఒక్కటన్నా కొడితే తప్ప మన కాయ లోపలి వరసలోకి తిరగకూడదు. లోపలికి తిరిగితేనే నడిగడికి చేరి పండుతుంది. బాలమణి కాయను కొట్టే అవకాశం నాకు ఎన్నిసార్లు వచ్చినా నేను కొట్టలేదు. మనిషి లేనప్పుడు కొట్టడం ఏం మర్యాద? ఆమె వంతున నన్ను కొట్టే పందెం పడితే ఇంకో కాయ నడిపేదాన్ని. అంచు గడుల్లో గుండీలూ గాజుముక్కలూ ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కటీ లోపలికి పోలేదు. నాకు అదే బాగుంది. ఆట అవకపోతే బాలమణి ఇంకా ఆటలో ఉన్నట్టే కదా.

ఇంట్లో మాత్రం నేను బాగాలేను. ఒంటరితనం అనే మాట అప్పుడు నాకు తెలియదు. ఆకలి లేదని చెప్పేదాన్ని. గోంగూర పచ్చడి కంచంలో పెట్టినా వేలితో గీతలు గీస్తూ కూర్చునేదాన్ని. అమ్మ నా నుదురు పట్టుకుని చూసేది, జ్వరం ఉండేది కాదు. బడికి వచ్చే పిల్లలే తగ్గిపోయారు. మాట్లాడటానికి ఎవరూ లేక నేను మాట్లాడటం తగ్గించాను, తగ్గించిన కొద్దీ అది సులువైపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే భయం వేసేది ఆ సులువు గురించే.

ఒక మధ్యాహ్నం పరదా వెనక నుంచి బీబమ్మ గొంతు వినిపించింది. ఎన్ని రోజుల నుంచి చూస్తోందో.

"బేటా, నువ్వు బాలమణిని కొట్టవు, బాలమణి నిన్ను కొట్టదు. గిట్లయితే ఎవ్వరూ ఇంటికి పోరు."

నాకు ఒళ్లు మండింది. నా ఇష్టం అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. తను చిన్నప్పుడు అష్టాచెమ్మ లాంటిదే అయిన పచ్చీసు ఆటలో తమ్ముళ్లందరినీ ఏడిపించేదాన్నని, జెర ఆ గుండీల తరఫున తనను ఆడనిస్తే పొద్దు పోతుందని అడిగింది. అవి బాలమణివి, ఎవ్వరూ ముట్టకూడదు అని చెప్పాను. అలా చెప్పడమే కాక, గుండీల మీద చెయ్యి కప్పుకుని కూర్చున్నాను, ఆమె వేళ్లు గల్లీ దాటి వచ్చి ఎత్తుకుపోతాయేమో అన్నట్టు. లోపల్లోపల నా భయం వేరు. ఆ చోట్లో ఇంకెవరన్నా కూర్చుంటే బాలమణికి ఇక చోటు ఉండదని, చోటు లేకపోతే రాదని.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే నన్నే మెచ్చుకుంటారనుకున్నాను. మామ్మ చెయ్యి కడుక్కుంటూ, తను గుంటూరు నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో సంగతి మొదలుపెట్టింది. కుళాయి దగ్గర నోరు తెరిస్తే ఆడవాళ్లు నవ్వేవారట, ఆమె యాసకు. నవ్వారని నోరు మూసుకుని, గోడలతో మాట్లాడుకుందట. ఒకరోజు బీబమ్మే తన బిందె పక్కకు జరిపి, మీ గోంగూర ఎట్లా వండుతారమ్మా అని అడిగిందట. అప్పట్లో ఆమె ఇంకా కుళాయికి వచ్చేది.

"ఒంటిగా ఉండటం నీ ఒక్కదానికే వచ్చిందనుకున్నావా?" అంది మామ్మ. "ఆ గోనెపట్టా వెనక ఆవిడకు పొద్దెట్టా పోతందో ఎప్పుడన్నా అడిగావా?"

అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు, ఆ పూటకు.

సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది. పోలీసు యాక్షన్ అని తర్వాత పేరు తెలిసింది, అప్పటికి మాకు అది తలుపులు మూసుకుని ఉండటం. మామ్మ ప్రార్థనలో పేర్లు ఎంత పెరిగాయంటే అన్నం చల్లారిపోయేది. ఐదో రోజు సాయంత్రం నిజాం లొంగిపోయాడని రేడియో చెప్పిందట. తెల్లారి గల్లీలోకి మనుషులు వచ్చారు, బెల్లం పంచారు, ఎవరో ఇంటి మీద జెండా కట్టారు. నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని పెద్దరోడ్డు దాకా తీసుకెళ్లి చూపించాడు. ఇక బాలమణి వచ్చేస్తుందని నేను గంతులు వేస్తూ వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పందెం వేశాను. బాలమణి పందెమూ వేశాను. ఎందుకో చెయ్యి ఆడలేదు. తల ఎత్తి చూస్తే, ఎదురింటి గుమ్మానికి పరదా లేదు. తలుపు మూసి ఉంది. ఆ వేళ్లు లేవు.

భయం ఇల్లు మారింది, అంతే. నిన్నటిదాకా మా గుమ్మాల్లో ఉన్నది ఇప్పుడు ఎదురింటికి వెళ్లింది. బీబమ్మ కొడుకు పనికి పోవడం మానేశాడు. పొయ్యి రాజేసిన వాసన కూడా రాలేదు. ఇదంతా పెద్దవాళ్లు మాట్లాడుకుంటే విన్నాను. నాకు సొంతంగా తెలిసింది మాత్రం చిన్న విషయం. ఇన్నాళ్లూ నేను ఒక్కదాన్నే ఆడుకుంటున్నాననుకున్నాను. కాదు. చూసే మనిషి ఒకరు ఉన్నారు గనకే ఆడగలిగాను. ఇప్పుడు ఆ మనిషి లేకపోయేసరికి నా చేతిలో గవ్వలు వట్టి గవ్వలైపోయాయి.

ఆటను ఎదురింటికి తీసుకెళ్దామంటే బండ అరుగులో పాతి ఉంది, కదలదు. నేను మామ్మ దగ్గరికి వెళ్లి బొగ్గుముక్క అడిగాను. దేనికో చెప్పాను.  మామ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి పప్పు గిన్నె మీద మూత పెట్టి, కొంగుతో పట్టుకుని, పద అంది. గవ్వలు మాత్రం అక్కడే పెట్టేయమంది. చింతగింజలు నాలుగు తెచ్చి, ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గుమ్మం రాతి మీద అరగదీసింది. చింతగింజ తిండి వస్తువు గనక జూదం కాదని ఆమె తీర్పు. పందెం కాయడానికి డబ్బు లేదు గనక పాపం కూడా కాదని దారిలో ఇంకో తీర్పు కలిపింది.

తలుపు కొట్టి మామ్మ తన పేరు చెప్పింది. గొళ్లెం తీయడానికి చాలాసేపు పట్టింది. లవంగం, తమలపాకు, మూసిన గది వాసన. బీబమ్మను నిండుగా చూడటం నాకు అదే మొదలు. పొట్టి మనిషి. నేను ఊహించుకున్నదాంట్లో సగం లేదు. మామ్మ పప్పుగిన్నె ఆమె చేతిలో పెట్టి, ఉప్పు తక్కువైంది, మీరు చూసుకోండి అంది. నేను వాళ్ల నడవలో బొగ్గుతో గడులు గీశాను. ఎడమ వరస ఇరుకుగా గీశాను. అరుగు మీది కాయలు ఏ గడిలో ఉంటే ఇక్కడా అదే గడిలో, ఒకటి అటూ ఇటూ కాకుండా పెట్టాను. బీబమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కొక్క గుండీ పెడుతుంటే తల ఊపింది.

"మీరు బాలమణి తరఫున ఆడండి," అన్నాను. "కానీ ఆమె వచ్చాక లేచిపోవాలి."

"లేస్త బేటా. కసమ్."

మొదటి పందేనికే ఆమెకు అష్ట పడింది. ఒక గుండీని తీసుకెళ్లి నా గాజుముక్క నెత్తిన ఠక్కున పెట్టింది. అన్ని వారాల్లో నా కాయను ఎవరూ కొట్టలేదు. నాకు ఏడుపు వచ్చింది, మధ్యలో అది నవ్వైపోయింది, రెండూ ఆగలేదు. బీబమ్మ పరేషానయి మామ్మ వంక చూసింది. మామ్మ, కొట్టించుకోవాలిగా మరి, ఆటన్నాక, అంటూ తను కూడా కూర్చోవడానికి చోటు చూసుకుంటోంది. ఆ సాయంత్రం నాకు ఆకలేసింది. బీబమ్మ చేసిన రొట్టె, మా పప్పు, ముగ్గురం ఒకే పళ్లెంలో. లోపలి గదిలోంచి ఆమె కొడుకు తన వాటా అడిగాడు.

ఆపైన రోజులు ఎట్లా పోయాయో తెలియదు. సీతాఫలాల కాలం వచ్చింది. ఆ పళ్ల గింజలు మామ్మకు కాయలయ్యాయి. జూదమన్న మనిషే, ప్రార్థన పేర్లు గబగబా చదివేసి ఆటకు వచ్చేది. ఇద్దరు ముసలమ్మల్లో ఎవరు ఎక్కువ తొండి చేస్తారో నేను తేల్చలేకపోయాను. కాయ జరపడంలో మామ్మ, లెక్క తప్పు చెప్పడంలో బీబమ్మ. ఆ తగువుల్లో ఒక్క ఆటే నెలల తరబడి సాగింది. గల్లీ కుదుటపడ్డాక, కొడుకు మళ్లీ పనికి పోతున్నాక, ఒకరోజు బీబమ్మే బురఖా వేసుకుని వచ్చి, ఆ బొగ్గు గడులు నాకు కంటికి ఆనుతలేవు, అరుగు మీద ఆడుదాం అంది. మధ్యాహ్నం గల్లీలో మగవాళ్లు ఉండరు. నేను కాయలన్నీ మళ్లీ షాబాదు బండ మీదికి మార్చాను, గడికి గడి.

క్రిస్మస్‌కు ఇంట్లో పిండివంటలు మొదలైన రోజుల్లో టాంగా వచ్చి ఆగింది. అరిసెల పాకం వాసన గల్లీ అంతా ఉంది. బాలమణి దిగింది, పొడుగైంది, జడకు కొత్త రిబ్బను. నన్ను చూసి, "ఎట్టా ఉన్నావే?" అంది, అచ్చం మా గుంటూరు చుట్టాల్లాగ. నేను, "ఏందీ, గింత లేటు జేసినవ్?" అన్నాను, అచ్చం బీబమ్మలాగ. ఇద్దరం ఒకరి నోరు ఒకరం చూసుకున్నాం. మామ్మ పడీపడీ నవ్వింది.

తర్వాత బాలమణి బండ వైపు చూసింది.  మూడు గుండీలు నడిగడిలో పండి ఉన్నాయి. ఒక్కటి మిగిలింది, పండుకు ఒక్క గడి ఇవతల. ఆ గుండీ ముందు బీబమ్మ కూర్చుని ఉంది.

"నా కాయలు ఎవరు ముట్టిన్రు?" బాలమణి గొంతు చిన్నగా ఉంది.

నేను నిజం చెప్పాను. నువ్వు లేనప్పుడు నీ తరఫున కూర్చోమని నేనే అడిగాను అన్నాను. ఆమె బీబమ్మను చూసింది, నన్ను చూసింది. 

"నిన్ను కొట్టిందా?"

"కొట్టింది."

"మస్తుగ?"

"మస్తుగ."

బాలమణి ట్రంకుపెట్టె గల్లీలోనే వదిలేసి అరుగెక్కింది. బీబమ్మ మాట ప్రకారం లేచి, "ఇగో బేటా, నీ కాయను ఇంటి దాక తెచ్చిన. ఆఖరుది నువ్వే పండించుకో," అని చోటు ఇచ్చింది. బాలమణి కూర్చుని, కొంచెం జరిగి, పక్కన అరుగు మీద చేత్తో తట్టింది. బీబమ్మ ఆ పక్కన కూర్చుంది. ఆ అరుగు మీద నలుగురికి చోటు ఉందని నాకు అప్పుడే తెలిసింది. నేను ముందే కొలుచుకుని ఉండాల్సింది.

అప్పటికంటే ఇప్పుడు మనుషులు చెడిపోయారని అనేవాళ్లతో నేను ఏకీభవించను. లెక్క తేలదు. అప్పుడూ నోరు మూసుకున్నవాళ్లు ఉన్నారు, తలుపులు మూసుకున్నవాళ్లు ఉన్నారు. తేడా ఏమిటంటే గోనెపట్టాకు చిరుగులు ఉండేవి, ఇప్పటి టేకు తలుపులకు ఉండవు. మా ఆయన పోయాక నేను కూడా కొన్నాళ్లు మాట్లాడటం తగ్గించాను. చిన్నప్పటి ఆ సులువు మళ్లీ వచ్చింది. దాన్ని ఒకసారి ఎరుగున్నదాన్ని గనక గుర్తుపట్టాను, రోజూ మధ్యాహ్నం బాలమణికి ఫోను చేయడం మొదలుపెట్టాను.

బండ వచ్చిన మర్నాడు వసారాలో దాన్ని పరిచి, చింతగింజలు అరగదీసి, ఫోను స్పీకరులో పెట్టి ఆట మొదలుపెట్టాం. ఆమె తరఫున నేనే వేస్తున్నాను, ఎడమచేత్తో. "నువ్వు వేస్తే నేనే గెలుస్త, ఆ సంగతి నాకెర్కే," అని ఆమె ఫిర్యాదు. నేను కొట్టడం లేదని ఆమెకు అల్వాల్లో కూర్చుని ఎట్లా తెలిసిందో. చింతగింజలు బండ మీద పడ్డ చప్పుడుకు ఎదురు తలుపు కొంచెం తెరుచుకుంది. శ్రావణి జాలీ పట్టుకుని నిలబడింది. జాలీ మీద ఆమె వేళ్లు కనపడుతున్నాయి. నేను లేచి వెళ్లి, ఓరగా ఉన్న మా తలుపు బార్లా తెరిచాను. నీకు అష్టాచెమ్మ వచ్చా అని అడిగాను. చిన్నప్పుడు అమ్మమ్మతో ఆడేదాన్నని చెప్పి, లోపల నిద్రపోతున్న భర్త వైపు ఒకసారి చూసి, చెప్పులు విడిచి వచ్చింది.

ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది. నేను ఫోను దగ్గరికి వంగి, బాలమణీ, ఎదురింటి అమ్మాయి వచ్చింది, నీ తరఫున కూర్చోమంటావా అని అడిగాను. 

"కూసోమను," అంది బాలమణి. "గానీ నిన్ను కొట్టమను. మొహమాటం పెట్టుకోవద్దను."